ప్రభుత్వ టెండర్లు, కాంట్రాక్టులు: న్యాయ సహాయంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రోడ్లు, భవనాలు, తాగునీటి పనులకు టెండరు వేసే కంపెనీల కోసం, ఆసుపత్రులకు పరికరాలో ఆఫీసులకు కంప్యూటర్లో సరఫరా చేసేవారి కోసం రాసిన పేజీ ఇది. మీ టెండరు షెడ్యూల్లో (పని వివరాలు, నిబంధనలు ఉండే పత్రం) వేరే మాట ఉంటే షెడ్యూల్లో ఉన్నదే చెల్లుతుంది. కింద చదివేటప్పుడు ఆ సంగతి మరవకండి.

లాయరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? టెండరు చేజారాకా, ముందా?

ముందే వెళ్లాలి. షెడ్యూలు డౌన్‌లోడ్ చేసుకున్న రోజు నుంచి ప్రీ-బిడ్ సమావేశం (బిడ్లు వేయకముందు శాఖ సందేహాలు వినే సమావేశం) దాకా ఉండే కొద్ది రోజులే అసలైన సమయం. ఏదైనా నిబంధన ఒకే కంపెనీని దృష్టిలో పెట్టుకుని రాసినట్టు అనిపిస్తే అప్పుడే రాతపూర్వకంగా అడగాలి. ఫోన్లో ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారిని అడిగితే లాభం లేదు, ఆయన "ఏం పర్లేదు, వేసెయ్యండి" అన్న మాట రేపు ఫైల్లో కనిపించదు. మీ ప్రశ్నకు జవాబు కొరిజెండంగా (సవరణ ప్రకటనగా) వెలువడితే అది టెండరులో భాగమైపోతుంది. జవాబు రాకపోయినా మీరు అడిగినట్టు కాగితం మిగులుతుంది.

ఆ నిబంధనకు ఒప్పుకుని బిడ్ వేసి, ఓడిపోయాక అదే నిబంధన అన్యాయం అంటూ హైకోర్టుకు వెళ్తే "అప్పుడెందుకు మాట్లాడలేదు?" అనే ప్రశ్న ముందొస్తుంది. దానికి మంచి జవాబు ఎవరి దగ్గరా ఉండదు.

షెడ్యూల్లో ముందుగా ఏ పేజీలు చూడాలి?

అర్హత నిబంధనలు, ధరావతు (బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్), చెల్లింపు, గడువు పొడిగింపు, వివాద పరిష్కారం. ఈ ఐదింటికి సంబంధించిన పేజీలు చదవకుండా రేట్లు వేయడం మొదలుపెట్టకండి.

"ఇలాంటి పని" అనుభవం విషయంలో సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) తరహా టెండర్లలో కనిపించే కొలత ఇది: అంచనా విలువలో 40 శాతం చొప్పున మూడు పనులు, లేదా 60 శాతం చొప్పున రెండు, లేదా 80 శాతం విలువగల ఒకటి చేసి ఉండాలి. రూ.10 కోట్ల పనికి నాలుగేసి కోట్లవి మూడు, ఆరేసి కోట్లవి రెండు, ఎనిమిది కోట్లది ఒకటి అన్నమాట. "ఇలాంటి పని" అంటే ఏమిటో షెడ్యూలే నిర్వచిస్తుంది. భవనం కట్టిన అనుభవం వాటర్ ట్యాంకుకు పనికొస్తుందా లేదా అన్నది ఆ ఒక్క వాక్యం తేలుస్తుంది.

రెండో లెక్క బిడ్ కెపాసిటీ, అంటే మీరు ఇంకెంత పని మోయగలరన్నది. మన రాష్ట్రాల పనుల్లో ఎక్కువగా వాడే సూత్రం 2 × ఎ × ఎన్ − బి. ఎ అంటే షెడ్యూలు చెప్పిన కాలంలో ఏదైనా ఒక్క ఏడాదిలో మీరు చేసిన గరిష్ఠ పని విలువ, ఇప్పటి ధరలకు సవరించినది. ఎన్ అంటే కొత్త పని పూర్తికి ఇచ్చిన ఏళ్లు. బి అంటే ఆ కాలంలోనే మీరు చేయాల్సిన పాత పనుల విలువ. ఎ రూ.6 కోట్లు, గడువు ఏడాదిన్నర, చేతిలో రూ.7 కోట్ల పని ఉంటే 18లోంచి 7 పోగా 11 కోట్లు, రూ.10 కోట్ల టెండరుకు అర్హులే. చేతిలో రూ.9 కోట్ల పని ఉంటే మిగిలేది 9 కోట్లే కాబట్టి అర్హత పోతుంది. కొన్ని శాఖల్లో 2 బదులు 1.5 ఉంటుంది, చూసుకోండి. ఇక్కడే కొందరు చేతిలో ఉన్న ఒకటి రెండు పనులు రాయకుండా వదిలేస్తారు. పోటీదారు ఇంకో శాఖ నుంచి మీ అగ్రిమెంటు కాపీ తెచ్చి ఫిర్యాదు చేస్తే పోయేది ఆ ఒక్క టెండరే కాదు. తప్పుడు ప్రకటన కింద ధరావతు జప్తు, బ్లాక్‌లిస్టు నోటీసు కూడా వెంటే వస్తాయి.

మంచి బిడ్లు కూడా టెక్నికల్ దశలోనే ఎందుకు పోతుంటాయి?

టెక్నికల్ దశ అంటే ధరలు తెరవకముందు అర్హత కాగితాలు చూసే దశ. అక్కడ చట్టం తెలియక పోయేవి తక్కువ, కాగితం సరిగ్గా లేక పోయేవి ఎక్కువ. తరచూ కనిపించే తప్పులు ఇవి.

బ్యాంకు గ్యారంటీలో లబ్ధిదారు పేరు షెడ్యూల్లో ఉన్నట్టు అక్షరం అక్షరం ఉండదు. లేదా గడువు చాలదు. కేంద్ర జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం ధరావతు గ్యారంటీ బిడ్ చెల్లుబాటు ముగిశాక మరో 45 రోజులు ఉండాలి. బిడ్ చెల్లుబాటు 90 రోజులైతే గ్యారంటీ 135 రోజులకు తీసుకోవాలి, 90కి తీసుకుంటే తిరస్కరిస్తారు.

అనుభవ ధ్రువపత్రం మీద సంతకం చేసిన అధికారి హోదా చాలదు. చాలా షెడ్యూళ్లు ఈఈ స్థాయికి తగ్గకూడదంటాయి. ఆయన కింది డీఈఈ ఇచ్చిన పత్రం పనికిరాదు. సబ్ కాంట్రాక్టుగా చేసిన పనికి ప్రధాన కాంట్రాక్టరు ఇచ్చిన లేఖ మాత్రమే జతచేస్తే, పని అప్పగించిన శాఖ ధ్రువీకరణ ఏదీ అని అడుగుతారు.

పవర్ ఆఫ్ అటార్నీ తేదీ కంటే బోర్డు తీర్మానం తేదీ తర్వాతిది అవుతుంది. చార్టర్డ్ అకౌంటెంట్ టర్నోవరు సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ (ఆ సర్టిఫికెట్‌ను గుర్తించే ప్రత్యేక) సంఖ్య ఉండదు. జాయింట్ వెంచరు ఒప్పందంలో ఎవరి వాటా ఎంతో శాతాల్లో రాయరు.

ఇక డిజిటల్ సంతకం. ఇప్పుడు క్లాస్-3 మాత్రమే చెల్లుతుంది. సంతకం టోకెన్‌తో పాటు ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ కూడా అడిగే పోర్టళ్లున్నాయి. బిడ్ వేశాక ఆ టోకెన్ పోగొట్టుకున్నా, ఫార్మాట్ చేయించినా మీ బిడ్ మీరే తెరవలేని పరిస్థితి రావచ్చు. ఆఖరి గంటలో అప్‌లోడ్ చేయబోతే సర్వరు మొండికేసిందనే వాదనను కోర్టులు సాధారణంగా పట్టించుకోవు, ముందురోజే ఎందుకు వేయలేదని అడుగుతాయి. ముందురోజే వేసేయండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల నమోదు) ఉంది. ధరావతు కట్టక్కర్లేదా?

కొనేది కేంద్ర శాఖో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థో అయి, మీరు సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయి, అడిగిన సరుకును మీరే తయారుచేసేవారో ఆ సేవను మీరే ఇచ్చేవారో అయితే కట్టక్కర్లేదు. 2012 నాటి కేంద్ర సేకరణ విధానం ఇచ్చిన వెసులుబాటు ఇది. ఏటా కొనుగోళ్లలో 25 శాతం ఇలాంటి సంస్థల నుంచే తీసుకోవాలని, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు అని అదే విధానం చెబుతుంది. మీ ధర ఎల్-1 (అందరికంటే తక్కువ ధర వేసిన బిడ్) కంటే 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఎల్-1 ధరకు దిగి కొంత పరిమాణం సరఫరా చేసే అవకాశమూ ఉంది.

మధ్యతరహా సంస్థలకు ఇది వర్తించదు. ఎవరో తయారుచేసింది తెచ్చి అమ్మే వ్యాపారులకూ వర్తించదు. రోడ్లు, భవనాల వంటి వర్క్స్ కాంట్రాక్టులకు ఈ మినహాయింపు అడిగి దెబ్బతిన్న కంపెనీలు బోలెడు. రాష్ట్ర శాఖల టెండర్లలో అయితే ఆ రాష్ట్ర ఉత్తర్వులు ఏం చెబితే అదే.

2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు మారాయి. సూక్ష్మ సంస్థ అంటే పెట్టుబడి రూ.2.5 కోట్లు, టర్నోవరు రూ.10 కోట్లు దాటనిది. చిన్న సంస్థకు రూ.25 కోట్లు, రూ.100 కోట్లు. పాత లెక్కలో "మధ్యతరహా" అయిన వారు కొందరు ఇప్పుడు "చిన్న" కిందికి వస్తారు, సర్టిఫికెట్ ఒకసారి చూసుకోండి.

టెక్నికల్ దశలో మమ్మల్ని తీసేశారు. మొదట ఏం చేయాలి?

అదే రోజు పోర్టల్ తెరలన్నీ తేదీ, సమయం కనిపించేలా భద్రపరచండి. కారణం రాతపూర్వకంగా ఇవ్వమని ఈమెయిలు పంపి, ఒక కాపీ ఆఫీసు ఇన్‌వర్డులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. కేంద్ర కొనుగోళ్లలో తిరస్కరణ కారణం అడిగే హక్కు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 173లోనే ఉంది. ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో అభ్యంతరం పెట్టడానికి సాధారణంగా రెండు రోజులే ఇస్తారు. శనివారం, ఆదివారం అని కూర్చుంటే ఆ దారి మూసుకుపోతుంది. సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి కానీ దాని గడువు 30 రోజులు కాబట్టి, ఈలోగా అవతలివారు అగ్రిమెంటు చేసుకుని మట్టి తవ్వడం మొదలుపెట్టేస్తారు.

తర్వాతి మెట్టు మీరు ఏ రాష్ట్రంలో టెండరు వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. తమిళనాడులో 1998 చట్టం, కర్ణాటకలో 1999 చట్టం టెండర్లకు ప్రత్యేకంగా ఉన్నాయి, వాటిలో అప్పీలు దారి ఉంది. తమిళనాడులో 10 రోజులు, కర్ణాటకలో 30 రోజులు గడువు. బెంగళూరు, చెన్నైలలో టెండర్లు వేసే మన కంపెనీలు ఇది తెలియక నేరుగా హైకోర్టుకు వెళ్తే ముందు అప్పీలు చేసుకు రమ్మని తిప్పి పంపే ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో టెండర్లు ఎక్కువగా జీవోలు, కోడ్‌లు, షెడ్యూళ్ల మీదే నడుస్తాయి గనుక పై అధికారికి వినతి, ఆ తర్వాత రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (ప్రభుత్వ నిర్ణయంపై వేసే పిటిషను).

హైకోర్టు టెండరును ఆపేస్తుందా?

ఆపొచ్చు. కానీ ఆపుతుందన్న నమ్మకంతో డబ్బు పెట్టకండి. 1994 టాటా సెల్యులార్ తీర్పు నుంచి సూత్రం ఒకటే: కోర్టు నిర్ణయం ఎలా తీసుకున్నారో చూస్తుంది, ఆ నిర్ణయం తెలివైనదా కాదా అన్న జోలికి పోదు. 2006 జగదీశ్ మండల్ తీర్పు అడిగే ప్రశ్నలు రెండు. ఎవరికో మేలు చేయడానికో, దురుద్దేశంతోనో, ఏ బాధ్యతాయుత అధికారీ చేయనంత అడ్డగోలుగానో చేశారా? ప్రజా ప్రయోజనం దెబ్బతింటోందా? 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లి, మౌలిక సదుపాయాల పనులపై స్టే ఇవ్వడం కంటే నష్టపరిహారం వైపు పంపడం మేలని చెప్పింది. 2018 సవరణతో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో చేరిన 20ఎ సెక్షను కూడా మౌలిక ప్రాజెక్టు ఆలస్యమయ్యేలా ఇంజంక్షను ఇవ్వొద్దంటుంది.

అయినా గెలిచేవారున్నారు. 2024 బన్సీధర్ కన్‌స్ట్రక్షన్ కేసులో ఒకే నిబంధనను ఇద్దరు బిడ్డర్లకు రెండు రకాలుగా వర్తింపజేశారని సుప్రీంకోర్టు కాంట్రాక్టునే కొట్టేసింది. మన దగ్గర నిలబడే కేసు కూడా అలాంటిదే: మాకు పెట్టిన గీత అవతలివాడికి పెట్టలేదు, ఇదిగో రెండు కాగితాలు పక్కపక్కన. "మా రేటు తక్కువ" అనేది ఒక్కటే పట్టుకుని వెళ్తే చాలదు. ఎల్-1 అయినంత మాత్రాన కాంట్రాక్టు హక్కు పుట్టదు.

రిట్ వేస్తే అగ్రిమెంటు కాకముందే వేయండి, టెండరు దక్కినవారిని తప్పకుండా ప్రతివాదిగా చేర్చండి. చేర్చకపోతే ఆ ఒక్క లోపంతోనే కేసు కూలిపోవచ్చు.

బ్లాక్‌లిస్టు నోటీసు వచ్చింది. జవాబివ్వకుండా నేరుగా కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబివ్వండి. ఇచ్చిన గడువు చాలకపోతే గడువు పెంచమని రాయండి, మౌనంగా మాత్రం ఉండకండి. నోటీసు చదివేటప్పుడు ఒకటి వెతకండి: బ్లాక్‌లిస్టు చేయాలనుకుంటున్నట్టు అందులో స్పష్టంగా ఉందా? 2014 గోర్ఖా సెక్యూరిటీ తీర్పు, 2020 యూఎంసీ టెక్నాలజీస్ తీర్పు ప్రకారం ఆ మాట స్పష్టంగా తెలిసేలా లేని నోటీసుతో ఇచ్చిన బ్లాక్‌లిస్టు ఉత్తర్వు నిలవదు. "తగిన చర్య తీసుకుంటాం" అని రాసి తర్వాత ఐదేళ్లు నిషేధించడం కుదరదన్నమాట. 2013లో కుల్జా ఇండస్ట్రీస్ కేసులో శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలని, శాశ్వత నిషేధం కూడదని తేలింది. కేంద్ర జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 151 ప్రకారం నియమావళి ఉల్లంఘనకు గరిష్ఠంగా రెండేళ్లు, అవినీతి నేరంలో శిక్ష పడితే మూడేళ్లు.

ఉత్తర్వు వచ్చేస్తే మాత్రం రిట్ ఆలస్యం చేయొద్దు. ఎందుకంటే తర్వాతి ప్రతి టెండరులో "మిమ్మల్ని ఎక్కడైనా బ్లాక్‌లిస్టు చేశారా?" అని అఫిడవిట్ అడుగుతారు. స్టే ఉంటే ఉత్తర్వు ఉందనీ స్టే ఉందనీ రెండూ రాయండి. దాచిపెట్టి "లేదు" అని రాయడమే రెండో బ్లాక్‌లిస్టుకు కారణమవుతుంది.

నలుగురం మాట్లాడుకుని పని పంచుకుంటే తప్పేంటి? అందరూ చేసేదే కదా?

"రింగ్ అవ్వడం" అని మనం తేలిగ్గా అనే ఈ పని 2002 కాంపిటీషన్ చట్టం 3(3) సెక్షను కింద బిడ్ రిగ్గింగ్. జరిమానా ఆ కాలపు ప్రతి ఏడాదికి లాభానికి మూడు రెట్ల వరకో, టర్నోవరులో 10 శాతం వరకో, ఏది ఎక్కువైతే అది వేయొచ్చు. దొరికిపోయే తీరు మాత్రం చాలా మామూలుగా ఉంటుంది. ఇద్దరి బిడ్లూ ఒకే ఐపీ చిరునామా నుంచి అప్‌లోడ్ అవుతాయి, డీడీల నంబర్లు వరుసగా ఉంటాయి, ఒకరి లేఖలోని అక్షరదోషమే ఇంకొకరి లేఖలోనూ కనిపిస్తుంది. ఇప్పటికే చిక్కుకుని ఉంటే, ముందుగా వెళ్లి వివరాలిచ్చిన కంపెనీకి జరిమానా తగ్గించే పద్ధతి కాంపిటీషన్ కమిషన్ దగ్గర ఉంది. వరుసలో రెండోవారికి మొదటివారికున్నంత లాభం ఉండదు.

పర్సంటేజీ అడుగుతున్నారు. ఇస్తే మా మీద కూడా కేసవుతుందా?

అవుతుంది. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షను కింద ఇచ్చినవారూ నేరస్తులే, శిక్ష ఏడేళ్ల వరకు. బలవంతం మీద ఇచ్చినవారికి రక్షణ ఉంది కానీ ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్పాలి. ఇవ్వకముందే ఏసీబీకి చెప్పి వారితో కలిసి నడిస్తే మీకు రక్షణ ఉంటుంది. బిల్లు ఆగిపోయిన ఆరు నెలలకు కోపంతో "అప్పుడు ఇంతిచ్చాం" అని ఫిర్యాదు రాసేముందు లాయరును కలవండి.

ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) నోటితో చెప్పిన అదనపు పని చేశాం. డబ్బు వస్తుందా?

కష్టం. ప్రభుత్వ ఒప్పందం గవర్నరు పేరిట, అధికారం ఉన్నవారి సంతకంతో రాతలో ఉండాలని 299వ అధికరణం చెబుతుంది. అదనపు పనికి సప్లిమెంటరీ అగ్రిమెంటు లేకుంటే కాంట్రాక్టు కింద అడగలేరు. మిగిలేది కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను: ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చట్టబద్ధంగా పని చేశారు, ప్రభుత్వం దాన్ని వాడుకుంది, కాబట్టి పరిహారం ఇవ్వాలి. అది నిరూపించాలంటే కొలతల పుస్తకం ఎం-బుక్‌లో కొలతలు ఎక్కి ఉండాలి. అందుకే నోటిమాట వచ్చిన సాయంత్రమే "మీరు ఈరోజు సైటులో చెప్పిన ప్రకారం ఇంత పొడవు అదనంగా మొదలుపెడుతున్నాం" అని ఈమెయిలు పంపండి. వారు జవాబివ్వకపోయినా ఫర్వాలేదు.

గడువు పొడిగింపు అడిగేటప్పుడు "ధరల పెరుగుదల కోరను" అని తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకోవడం మామూలే. పెట్టక తప్పకపోతే, ఆలస్యం శాఖ వల్లే జరిగిందని, భూమి ఎప్పుడు అప్పగించారో డ్రాయింగులు ఎప్పుడిచ్చారో తేదీలతో సహా అదే లేఖలో రాయండి. ఫైనల్ బిల్లు దగ్గర "ఇక క్లెయిమ్ లేదు" అనే పత్రమూ ఇలాంటిదే. ఒత్తిడితో సంతకం చేశామన్న వాదన నిలబడాలంటే డబ్బు పడ్డ వెంటనే నిరసన లేఖ వెళ్లాలి. ఏడాది తర్వాత రాసిన లేఖను నమ్మరు.

పని అయింది, బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కింది, డబ్బు రాలేదు. ఎక్కడికి వెళ్లాలి?

ముందు బిల్లు ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలుసుకోండి. ఎం-బుక్ రికార్డు కాలేదా, పై అధికారి మళ్లీ కొలిచే చెక్ మెజర్‌మెంట్ కాలేదా, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు రాలేదా, లేక ఆన్‌లైన్ చెల్లింపు వ్యవస్థలో, అంటే ఏపీలో సీఎఫ్‌ఎంఎస్‌లోనో తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్‌లోనో టోకెన్ పడి నిధుల కోసం ఎదురుచూస్తోందా? మొదటి మూడింట్లో ఏదైనా అయితే గొడవ ఇంజినీర్లతో. చివరిదైతే శాఖ అప్పు ఒప్పుకున్నట్టే, అప్పుడు రిట్ పనికొస్తుంది. ఉపాధి హామీ పనుల బకాయిల కేసుల్లో 2021లో ఏపీ హైకోర్టు వడ్డీతో సహా చెల్లించాలని ఆదేశించింది. పని నాసిరకమని శాఖ అంటుంటే మాత్రం అది సాక్ష్యాలతో తేల్చాల్సిన విషయం, రిట్‌లో తేలదు.

సరుకు, సేవలు ఇచ్చిన సూక్ష్మ, చిన్న సంస్థలకు, వాటి అభివృద్ధి కోసం తెచ్చిన 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం పెద్ద ఆయుధం. చెల్లింపు గడువు ఒప్పందం ఏం చెప్పినా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఎంఎస్‌ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది. తీర్పు మీకు అనుకూలంగా వస్తే, దాన్ని సవాలు చేయడానికి కొనుగోలుదారు 75 శాతం ముందుగా జమ చేయాలి. మెలిక ఒకటుంది: రిజిస్ట్రేషను తర్వాత ఇచ్చిన సరఫరాలకే ఈ రక్షణ అని 2021 సిల్పి ఇండస్ట్రీస్ తీర్పు చెప్పింది. డబ్బు ఆగాక ఉద్యమ్ తీసుకుంటే పాత బిల్లులకు అక్కరకు రాకపోవచ్చు. వర్క్స్ కాంట్రాక్టులు దీని కిందికి రావన్న తీర్పులు కూడా చాలా ఉన్నాయి.

మిగతావారికి దారి కమర్షియల్ కోర్టు. వివాదం రూ.3 లక్షలు దాటితే అక్కడికే. ప్రభుత్వంపై దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 80వ సెక్షను కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ముందస్తు మధ్యవర్తిత్వమూ తప్పనిసరి. మొత్తం గడువు మూడేళ్లు. ఇక్కడ మోసపోయేవారు ఎక్కువ. ఏడాదికి నాలుగు వినతిపత్రాలు ఇచ్చినా ఆ మూడేళ్లు పెరగవు. గడువు లోపల శాఖ "ఇంత బాకీ ఉంది" అని రాతలో ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి కొత్తగా లెక్క మొదలవుతుంది. కాబట్టి వినతి ఇచ్చి ఊరుకోకుండా, బాకీ వివరం రాతలో ఇవ్వమని అడగండి.

ఆర్బిట్రేషను ఉంటుంది కదా?

ఆర్బిట్రేషను అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు ఇవ్వడం. అది ఉందనుకోకండి, అగ్రిమెంటు చూడండి. మన రాష్ట్ర ఇంజినీరింగ్ శాఖల చాలా అగ్రిమెంట్లలో రూ.50,000 దాటిన క్లెయిములు సివిల్ కోర్టుకే వెళ్లాలని ఎప్పటినుంచో ఉంది. కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్ 3న ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆర్బిట్రేషను క్లాజును అలవాటుగా పెట్టొద్దని, పెడితే రూ.10 కోట్ల లోపు వివాదాలకే పరిమితం చేయాలని అంటున్నాయి. క్లాజు ఉండి, ఆర్బిట్రేటరును శాఖే ఏకపక్షంగా నియమిస్తానంటే ఒప్పుకోనక్కర్లేదు, 2024 నవంబరు 8న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం అది సమానత్వానికి విరుద్ధమని చెప్పింది.

బ్యాంకు గ్యారంటీ క్యాష్ చేసుకుంటామంటున్నారు. ఆపగలమా?

బేషరతు గ్యారంటీ అయితే దాదాపు ఆపలేం. ఘోరమైన మోసం, లేదా తిరిగి పూడ్చలేని నష్టం, ఈ రెండే మినహాయింపులు. "తప్పు మాది కాదు" అనేది బ్యాంకుకు సంబంధం లేని గొడవ. గ్యారంటీలో రాసిన పద్ధతి ప్రకారం డిమాండు రాకపోతే మాత్రం, అంటే వేరే అధికారి సంతకంతోనో క్లెయిము గడువు దాటాకో వస్తే, అది గట్టి పాయింటే. గ్యారంటీ నకలు తీసి తేదీలు చూడండి.

అమెరికాలో మా కంపెనీ ఉంది. ఇక్కడి టెండర్లకు అది నేరుగా బిడ్ వేయొచ్చా?

కేంద్ర కొనుగోళ్లలో రూ.200 కోట్ల లోపు వాటికి సాధారణంగా గ్లోబల్ టెండర్లు పిలవరు, 2020 నుంచి ఇదే నియమం. ఇక్కడ కంపెనీ పెట్టుకోవాలి. మాతృసంస్థ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా అన్నది షెడ్యూలు చెప్పాలి. చెప్పకపోతే ప్రీ-బిడ్‌లో అడగాలి. మీ పెట్టుబడిదారుల్లో చైనా వంటి, భారత్‌తో భూసరిహద్దు ఉన్న దేశాలవారు అసలు యజమానుల స్థాయిలో ఉంటే 2020 జూలై ఉత్తర్వు ప్రకారం ముందుగా రిజిస్ట్రేషను కావాలి.

లాయరు ఫీజు వచ్చిన డబ్బులో ఇంత శాతం అని మాట్లాడుకోవచ్చా?

కూడదు. ఫలితాన్ని బట్టి ఫీజు, వసూలైన దాంట్లో వాటా రెండూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో నిషిద్ధం. దశలవారీగా మాట్లాడుకోండి: షెడ్యూలు చదివి అభిప్రాయం ఇవ్వడానికి ఇంత, వినతి రాయడానికి ఇంత, రిట్‌కు ఇంత, వాయిదాలకు ఇంత. మొదటిసారి వెళ్లేటప్పుడు షెడ్యూలు, కొరిజెండాలన్నీ, పోర్టల్‌లో మీరు అప్‌లోడ్ చేసిన ఫైళ్లు యథాతథంగా, శాఖతో నడిచిన ఉత్తరాలు తేదీల వరుసలో పట్టుకెళ్లండి. మీకు నష్టం చేసే ఉత్తరం ఏదైనా ఉంటే దాన్ని అన్నిటికంటే పైన పెట్టండి. అది శాఖ కోర్టులో జవాబుగా వేసే కౌంటరు అఫిడవిట్‌లో ఎలాగూ బయటపడుతుంది.